కిరిబాటికి విమాన ప్రయాణం: తరావా దాకా ఎలా, అక్కడి నుంచి మిగతా దీవులకు ఎలా?

నీళ్ల_శ్రీను

అందరికీ నమస్తే. తాగునీటి ప్రాజెక్టు పని మీద మా కంపెనీ నన్ను పసిఫిక్ మహాసముద్రంలోని కిరిబాటి దేశానికి పంపిస్తోంది. ఎక్కువ కాలం రాజధాని దక్షిణ తరావాలో ఉంటాను. మధ్యలో అబెమామా దీవికి వెళ్లి అక్కడి బావులు చూడాలి. ఆఖర్లో కిరితిమతి దీవి కూడా చూసి రమ్మంటున్నారు. మా ఆఫీసులో టికెట్లు చూసే కుర్రాడు "ఒకే దేశం కదా సార్, లోకల్ ఫ్లైట్ ఉంటుంది" అని తేల్చేశాడు. నేను వెతికితే తరావా నుంచి కిరితిమతికి ఫిజీ మీదుగా చూపిస్తోంది. ఇది వెబ్‌సైటు పిచ్చా, నిజమా? హైదరాబాద్ నుంచి బయల్దేరతాను. తెలిసినవాళ్లు చెప్పండి. నీటి పరీక్షల సామాను కూడా ఉంటుంది.

బ్రిస్బేన్_బాబు

వెబ్‌సైటు పిచ్చేమీ కాదు శ్రీను గారూ, అచ్చంగా నిజం. కిరిబాటి మొత్తం నేల 811 చదరపు కిలోమీటర్లు. ఆ కాస్త నేలా 33 దీవులుగా విడిపోయి, 35 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రంలో చెల్లాచెదురుగా ఉంది. పడమట గిల్బర్ట్ దీవులు, నడుమ ఫీనిక్స్ దీవులు, తూర్పున లైన్ దీవులు. తరావా పడమటి కొసన, కిరితిమతి తూర్పు కొసన. రెండింటికీ మధ్య సుమారు 3,200 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లే దూరం కన్నా ఎక్కువ, మధ్యలో దిగడానికి సరైన విమానాశ్రయం లేదు.

ఈ ఇబ్బంది తీర్చుకుందామనే ఎయిర్ కిరిబాటి 2019 డిసెంబర్‌లో ఎంబ్రాయర్ ఇ190-ఇ2 అనే సరికొత్త జెట్ తెచ్చుకుంది. ఆసియా పసిఫిక్‌లో ఆ రకం విమానం మొదట అందుకున్నది వీళ్లే. సొంత విమానంలో సొంత దేశం దాటొచ్చని ఆశపడ్డారు. నాలుగు నెలలు తిరక్కుండానే కోవిడ్ వచ్చి సరిహద్దులు మూతపడ్డాయి. 2022 దాకా తెరవలేదు. నేరు విమానం ఎప్పుడైనా దొరికితే అదృష్టం అనుకోండి, దాని మీద మాత్రం ప్లాన్ కట్టకండి. నమ్మదగ్గ దారి ఇప్పటికీ తరావా, ఫిజీలోని నాడి ఊరు, కిరితిమతి. అంటే రాజధాని నుంచి సొంత దేశంలోని ఇంకో దీవికి వెళ్లడానికి పాస్‌పోర్టు మీద ఫిజీ ముద్ర పడుతుంది.

టికెట్_రాజా

హైదరాబాద్ నుంచి నాడి దాకా పెద్ద కష్టం లేదు. సింగపూర్ మీదుగానో హాంకాంగ్ మీదుగానో వెళ్లండి. రెండు ఊళ్ల నుంచీ ఫిజీ ఎయిర్‌వేస్ నేరుగా నాడికి నడుపుతుంది. నాడి నుంచి తరావా సుమారు మూడు గంటలు, అదీ ఫిజీ ఎయిర్‌వేసే. ఫిజీకి ఇండియన్ పాస్‌పోర్టు మీద ముందస్తు వీసా అక్కర్లేదు, నాలుగు నెలల దాకా ఉండనిస్తారు. ఆస్ట్రేలియా మీదుగా వెళ్లాలనుకుంటే ట్రాన్సిట్ వీసా సంగతి ముందే కనుక్కోండి.

అసలు కిటుకు ఇది. అందరూ హైదరాబాద్ నుంచి మొదలుపెట్టి టికెట్ కడతారు. మీరు వెనక నుంచి కట్టండి. అన్నిటికన్నా అరుదైన విమానం ఏదో చూసి, దాని తేదీ ముందు ఖాయం చేసుకోండి. మీ విషయంలో అది కిరితిమతి విమానం, వారానికి ఒకటే. తర్వాత తరావా విమానం, వారంలో ఏవో కొన్ని రోజులే. సింగపూర్ టికెట్ ఎప్పుడైనా దొరుకుతుంది, అది ఆఖర్న కొనండి.

ఇంకోటి. నాడి దాకా ఒక టికెట్, నాడి నుంచి తరావా వేరే టికెట్ తీసుకుంటే, మొదటిది లేటై రెండోది తప్పిపోతే ఎవరూ పూచీ పడరు. మా కస్టమర్ ఒకాయనకి ఒక వెబ్‌సైటు చవగ్గా వస్తుందని ఇలాగే రెండు ముక్కలు అంటగట్టింది. తర్వాతి తరావా విమానం వచ్చేదాకా ఆయన నాడిలో హోటల్ బిల్లు కడుతూ కూర్చున్నాడు.

నీళ్ల_శ్రీను

వెనక నుంచి కట్టడం బాగుంది రాజా గారూ. మరి కిరితిమతి కోసం గూగుల్ చేస్తుంటే క్రిస్మస్ ఐలాండ్ అని ఆస్ట్రేలియా ప్రభుత్వం పేజీలు వస్తున్నాయేంటి?

టికెట్_రాజా

బాబోయ్, అక్కడ జాగ్రత్త! క్రిస్మస్ ఐలాండ్ రెండున్నాయి. ఒకటి హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియాది, ఎర్ర పీతలు ఊరేగింపుగా నడుస్తాయే, అది. దాని విమానాశ్రయం కోడ్ ఎక్స్‌సీహెచ్. మీకు కావాల్సింది కిరిబాటిది, కోడ్ సీఎక్స్‌ఐ, విమానాశ్రయం పేరు కాసిడీ. మీ ఆఫీసు కుర్రాడికి ఈ మూడక్షరాలు రాసిచ్చి గోడకి అంటించమనండి.

చేపలపులుసు

కిరితిమతి అనగానే నేను రావాల్సిందే. హ్యూస్టన్ నుంచి బోన్‌ఫిష్ పట్టడానికి వెళ్లాను. అక్కడికి వచ్చే టూరిస్టుల్లో చాలామంది గాలం బ్యాచే. నాడి నుంచి వచ్చే విమానం కిరితిమతిలో ఆగి హొనొలులు వెళ్తుంది, మళ్లీ అదే దారిన వెనక్కి. హొనొలులు నుంచి మూడు గంటలే. ఇండియా నుంచి వచ్చేవాళ్లు ఆ వైపు పోవాలంటే మాత్రం అమెరికా వీసా ఉండాలి, విమానం మారడానికైనా సరే.

తమాషా ఏంటంటే హొనొలులులోనూ కిరితిమతిలోనూ గడియారం ఒకటే, తేదీ వేరు. సరిగ్గా 24 గంటల తేడా. మంగళవారం మధ్యాహ్నం హొనొలులులో ఎక్కితే బుధవారం సాయంత్రం దిగుతాం. వాచీ ముట్టుకోనక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో ఒక రోజు బోనస్. లాడ్జి బుక్ చేసేటప్పుడు మాత్రం తేదీ రెండుసార్లు చూసుకోవాలి. అక్కడివాళ్లకి ఇది బాగా అలవాటు, "ఏ దేశం తేదీ?" అని వాళ్లే అడుగుతారు.

దీవి మాత్రం చిన్నదేం కాదు. నేల పరంగా ప్రపంచంలోకెల్లా పెద్ద పగడపు దీవి, 388 చదరపు కిలోమీటర్లు, దేశం నేలలో దాదాపు సగం. ఊళ్ల పేర్లు లండన్, పోలండ్, బనానా. విమానాశ్రయం బనానా దగ్గరే. 1957-58లో బ్రిటిష్‌వాళ్లు, 1962లో అమెరికావాళ్లు అణు పరీక్షలు చేసింది ఈ పరిసరాల్లోనే.

మావయ్య_73

తేదీ గొడవ గురించి నేనొక మాట చెప్పాలి నాయనా. ఒకప్పుడు అంతర్జాతీయ దినరేఖ ఈ దేశం నడిమధ్య నుంచి పోయేది. తరావాలో సోమవారం ఆఫీసు తెరిస్తే కిరితిమతిలో ఇంకా ఆదివారం. అక్కడ శుక్రవారం పని చేస్తుంటే ఇక్కడ శనివారం సెలవు. రెండు వైపులా ఆఫీసులు తెరిచి ఉండేది వారానికి నాలుగు రోజులే. 1995 జనవరి 1న రేఖను తూర్పుకి జరిపేశారు. ఇప్పుడు దేశమంతా ఒకే తేదీ, కాకపోతే మూడు టైము జోన్లు. లైన్ దీవులు ప్రపంచంలో అందరికన్నా ముందు కొత్త రోజు చూస్తాయి.

నేను సోమాజిగూడలో హ్యామ్ రేడియో, అంటే సరదాకి దూరదేశాలతో మాట్లాడే వైర్‌లెస్, నేర్చుకున్నవాణ్ణి. మా వాళ్లకి కిరిబాటి అంటే ప్రాణం. దేశం ఒకటే అయినా రేడియో పిలుపు గుర్తుల ప్రకారం మా లెక్కలో నాలుగు: టీ30 పడమట, టీ31 నడుమ, టీ32 తూర్పున, టీ33 బనబా దీవి. ఆ బనబాకి రన్‌వేయే లేదు, ఓడే గతి. అందుకే టీ33 వినిపించిందంటే రాత్రి నిద్ర మానుకుంటాం.

సామాను సంగతి శ్రీనూ. లిథియం బ్యాటరీలు విడిగా తీసుకెళ్తే చేతి సంచీలోనే ఉండాలి. 100 వాట్-అవర్ లోపు అయితే ఇబ్బంది లేదు. 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అదీ రెండే. ఆ పైన ప్రయాణికుల విమానంలో ఎక్కనివ్వరు. 12 వోల్టులు, 20 ఆంపియర్-అవర్ బ్యాటరీ అంటే 240 వాట్-అవర్, కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. అలాంటిది అక్కడే సంపాదించుకోవాలి.

నీళ్ల_శ్రీను

థాంక్స్ మావయ్యా. నా మీటర్ల బ్యాటరీలు చిన్నవే. క్లోరిన్ పరీక్ష కిట్లు, కొంచెం బ్లీచింగ్ పౌడర్ తీసుకెళ్దామనుకుంటున్నా.

మావయ్య_73

బ్లీచింగ్ పౌడరా! పొరపాటున కూడా వద్దు. అది ఆక్సిడైజర్, ప్రమాదకర సరుకుల కింద లెక్క. చేతి సంచీలోనూ కుదరదు, పెట్టెలోనూ కుదరదు. టెస్ట్ కిట్లకి మాత్రం కంపెనీ ఇచ్చే సేఫ్టీ షీటు ప్రింటు తీసి పెట్టెలోనే పెట్టు.

గౌతమి_వి

తరావాలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పనిచేశాను. దేశం లోపలి ప్రయాణం గురించి చెప్తాను.

మీరు దిగే బోన్రికి విమానాశ్రయం దీవి ఆగ్నేయపు మూల. అక్కడి నుంచి అటో కొస బెటియో దాకా ఒకటే రోడ్డు, మధ్యలో బికెనిబెయు, బైరికి వస్తాయి. జనం దేశం మొత్తం మీద దాదాపు 1.2 లక్షలు, సగం పైన ఈ రోడ్డు పొడవునే ఉంటారు. విమానాశ్రయం దగ్గరే కదా అని ఇంటి నుంచి ఆలస్యంగా బయల్దేరకండి. మినీబస్సు ఎవరు చెయ్యెత్తినా ఆగుతుంది.

గిల్బర్ట్ దీవుల్లో బనబా తప్ప దాదాపు అన్నిటికీ ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అబైయాంగ్, మరాకే, బుటారిటారి, అబెమామా, నొనౌటి, ఇంకా దక్షిణాన అరొరై దాకా. ట్విన్ ఆటర్ లాంటి చిన్న విమానాలు తిప్పుతారు, 19 సీట్లు. చాలాచోట్ల రన్‌వే అంటే పగడపు గుల్ల పరిచిన నేల, అంచుల్లో గడ్డి. టెర్మినల్ అంటే ఒక పాక, ఒక బల్ల, ఒక తూకం.

తూకం అన్నది మీ పెట్టెకే కాదు, మీకు కూడా! బ్యాగు భుజాన వేసుకుని కాటా మీద నిలబడాలి. అంకె అందరికీ కనపడుతుంది. వెనక వరసలో అవ్వలు నవ్వుకుంటారు. మొహమాట పడితే లాభం లేదు. చిన్న విమానంలో ఒక్కొక్కరి బరువూ లెక్కలోకి వస్తుంది, రన్‌వే పొట్టిదైతే మరీను. అందుకే సామాను పరిమితి తక్కువ. బరువు దాటితే పెట్టె తర్వాతి విమానంలో వస్తుంది, తర్వాతి విమానం ఎప్పుడో ఆ పైవాడికెరుక. మీ మీటర్లు, మందులు, ఒక జత బట్టలు చేతి సంచీలో ఉంచుకోండి.

టైమ్‌టేబుల్‌ని మరీ నమ్మకండి. ఎక్కడో ఒక దీవిలో కాన్పు కష్టమై తల్లిని తరావా పెద్దాసుపత్రికి తేవాలంటే, మీ విమానం అటు తిరుగుతుంది. దాని గురించి అక్కడ ఎవరూ కోప్పడరు, మనమూ పడకూడదు. ముందురోజు సాయంత్రం ఆఫీసుకి వెళ్లో, ఫోన్ చేసో రేపటి విమానం ఉందా అని అడగడం అక్కడ అందరూ చేసే పని.

నగదు తీసుకెళ్లండి, ఆస్ట్రేలియా డాలర్లు. తరావా దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు.

బ్రిస్బేన్_బాబు

గౌతమి గారు చెప్పినదానికి చిన్న జోడింపు. అంతర్జాతీయంగా ఇంకో దారి ఉంది, నౌరు ఎయిర్‌లైన్స్. బ్రిస్బేన్ నుంచి నౌరు, అక్కడి నుంచి తరావా, మార్షల్ దీవుల్లోని మజురో అంటూ దీవి దీవికీ ఆగుతూ పోతుంది. షెడ్యూల్ మారుతుంటుంది గానీ నాడి విమానం రద్దయితే ఇదే దిక్కు. ఈ కంపెనీ కథ కూడా చిత్రమైనది. 21 చదరపు కిలోమీటర్ల దేశం ఫాస్ఫేట్ డబ్బు ఉన్న రోజుల్లో బోయింగ్ జెట్ల వరస నడిపింది. డబ్బు అయిపోయాక 2005 డిసెంబర్‌లో ఉన్న ఒక్క విమానాన్నీ అప్పులవాళ్లు పట్టుకుపోయారు. తర్వాత మళ్లీ లేచి నిలబడింది.

గోంగూర_గ్యాంగ్

ఇంత కష్టపడి అక్కడిదాకా ఎందుకండీ, తువాలు అనే దీవుల దేశానికి వెళ్లండి. యూట్యూబ్‌లో చూశా, రన్‌వే మీద వాలీబాల్ ఆడుతున్నారు 😄

గౌతమి_వి

గ్యాంగ్ గారూ, ఆయన వెళ్లేది టూర్‌కి కాదు, ఉద్యోగానికి! అయినా తువాలు మాట వచ్చింది కాబట్టి చెప్తా, సెలవులో వెళ్లాను. దాని రాజధాని ఫునాఫుటికి ఫిజీలోని సువా నుంచి ఏటీఆర్ విమానం, రెండున్నర గంటలు. ఆ రన్‌వే 1943లో అమెరికా సైన్యం వేసింది. సన్నటి దీవిలో అంత చదునైన ఖాళీ జాగా ఇంకోటి లేదు. సాయంత్రం ఎండ తగ్గగానే ఊరు ఊరంతా అక్కడే. వాలీబాల్ నెట్లు, రగ్బీ, మోటార్ సైకిళ్లు, చాపలు వేసుకుని కబుర్లు చెప్పుకునేవాళ్లు.

విమానం వచ్చే రోజు ఫైరింజన్ సైరన్ మోగిస్తుంది. మొదటి సైరన్‌కి ఎవరూ తొందరపడరు. కుక్కల్ని అదిలిస్తారు, పిల్లల్ని పిలుస్తారు. ఆఖరి సైరన్ అయ్యేసరికి రన్‌వే ఊడ్చినట్టు ఖాళీ. విమానం ఆగాక సగం ఊరు కంచె దగ్గరే ఉంటుంది, ఎవరొచ్చారో చూడ్డానికి.

కానీ తువాలులో దేశం లోపల విమానాలే లేవు. తొమ్మిది దీవుల్లో ఎయిర్‌పోర్టు ఒక్క ఫునాఫుటిలోనే. మిగతా చోట్లకి ఓడే, రాత్రంతా ప్రయాణం. ఆ లెక్కన కిరిబాటి చాలా నయం.

నీళ్ల_శ్రీను

రన్‌వేల గురించి ఇంత చదివాక ఒకటి అడగాలనిపిస్తోంది. తరావా నీళ్లకి ఆధారం బోన్రికి మంచినీటి పొర అని మా రిపోర్టుల్లో ఉంది. ఎయిర్‌పోర్టూ బోన్రికిలోనే. రెండూ పక్కపక్కనేనా?

గౌతమి_వి

పక్కపక్కనే! విమానం దిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే రన్‌వే పక్కన ఇళ్లు లేని పచ్చటి జాగా కనిపిస్తుంది, అదే నీటి రిజర్వు. వాన నీరు పగడపు నేలలోకి ఇంకి ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది కదా, మీకు నేను చెప్పాలా. దీవి అక్కడ వెడల్పుగా ఉంది కాబట్టి నీటి పొరా మందంగా ఉంది, రన్‌వేకీ చోటు దొరికింది. యుద్ధకాలంలో అమెరికావాళ్లు రన్‌వే వేసిందీ ఆ వెడల్పు చూసే. ఇప్పుడు నీళ్లకీ, విమానాలకీ, ఇళ్లకీ అదే జాగా కావాలి.

బ్రిస్బేన్_బాబు

శ్రీను గారూ, మీకు మజురో కూడా నచ్చుతుంది. మార్షల్ దీవుల రాజధాని, తరావాకి ఉత్తరాన. అక్కడ రన్‌వే మీద పడ్డ వాన నీటినే కాలవలతో పక్కనున్న చెరువుల్లోకి పట్టి, శుద్ధి చేసి ఊరికి ఇస్తారు. పరిచిన తారు అంతా నీళ్లు పట్టే పళ్లెం అన్నమాట. హొనొలులు నుంచి గువామ్ దాకా యునైటెడ్ నడిపే ఐలాండ్ హాపర్ అక్కడ ఆగుతుంది. మజురో, క్వాజలీన్, కొస్రే, పొన్‌పే, చూక్. విడి భాగాలూ, ఒక మెకానిక్కూ విమానంలోనే తిరుగుతారు, ఎందుకంటే దారిలో చెడిపోతే బాగుచేసేవాడు ఇంకెవడూ లేడు. క్వాజలీన్ అమెరికా సైనిక స్థావరం, అనుమతి లేనివాళ్లు సీట్లోంచి దిగకూడదు, ఫొటోలు తీయకూడదు.

నీళ్ల_శ్రీను

రన్‌వే నుంచి తాగునీళ్లు! మా బాస్‌కి ఈ లింకు పంపిస్తున్నా, నౌరు ఎయిర్‌లైన్స్ టికెట్ కూడా అడుగుతా 😀

సువా_వదిన

ఆలస్యంగా చూశాను. మాది గుంటూరు, మావారి ఉద్యోగం వల్ల ఫిజీలో ఉంటున్నాం. శ్రీనూ, నాడిలో ఒక రాత్రి ఆగడం శిక్ష అనుకోకు, ఆగేలాగే టికెట్ తీసుకో. తరావా విమానం ఆలస్యమైనా టెన్షన్ ఉండదు. మెయిన్ రోడ్డు చివర సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది, రంగురంగుల గోపురం, టాక్సీవాళ్లు అడక్కుండానే తీసుకెళ్తారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పందం మీద పనికి, వచ్చినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1926లో దక్షిణాదివాళ్లంతా కలిసి సంగం అనే సంఘం పెట్టుకున్నారు, తర్వాత 1941లో తెలుగువాళ్లు విడిగా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీయే. ఇంటిపేరు చెప్తే మాత్రం పెద్దవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెడతారు.

తిండి: నువ్వు శాకాహారివైతే తరావాలో బియ్యం దొరుకుతుంది, కూరగాయలే కష్టం. ఓడ వచ్చిన వారం ఉల్లిపాయలుంటాయి, తర్వాత ఉండవు. కందిపప్పు, చింతపండు నాడిలోనే కొనుక్కో, ఇండియా నుంచి మోయక్కర్లేదు. పచ్చడి తెస్తే ఫిజీలో దిగగానే ఫారంలో రాసి చూపించు. దాచావో, జరిమానా వేస్తారు.

నీళ్ల_శ్రీను

వదిన గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవకాయ సీసా పెట్టెలోంచి బయటికి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లింది.

రాజా గారి పద్ధతిలో వెనక నుంచి కట్టాను. కిరితిమతి విమానం ముందు ఖాయం చేశాం. దానికి ముందు నాడిలో రెండు రాత్రులు. అబెమామా ప్రయాణం మొదటి నెలలోనే పెట్టుకున్నా, ఆలస్యమైనా సర్దుకోవడానికి వీలుంటుందని. హైదరాబాద్ నుంచి నాడి, తరావా అంతా ఒకే టికెట్. బ్లీచింగ్ పౌడర్ మానేశాను. ఇంకొక్క అనుమానం: అబెమామాలో ఉండటానికి హోటల్ ఏదీ ఆన్‌లైన్‌లో కనిపించడం లేదు.

గౌతమి_వి

కనిపించదు. ఐలాండ్ కౌన్సిల్ గెస్ట్‌హౌస్ ఉంటుంది, తరావాలో మీ ప్రాజెక్టు ఆఫీసు నుంచి ముందే కబురు పంపించండి. దోమతెర, టార్చి, పవర్ బ్యాంక్ తీసుకెళ్లండి. దిగిన రోజే మానెయబాకి పిలుస్తారు, ఊరి సభా మందిరం అన్నమాట. చెప్పులు విప్పి, చాప మీద కాళ్లు చాపకుండా కూర్చోండి. ఎవరో ఒకరు లేచి మీరెవరో చెప్పమంటారు, నాలుగు ముక్కలు తయారుగా ఉంచుకోండి.

చేపలపులుసు

కిరితిమతిలో నీ పని సాయంత్రం నాలుగుకి అయిపోతే చెప్పు తమ్ముడూ, గాలం ఎక్కడ అద్దెకి దొరుకుతుందో మెసేజ్ పెడతా.